కుడి చేతి గ్రిప్ మార్చాక స్లైస్ తగ్గింది

గోల్ఫ్‌లో డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) తీస్తే చాలు, బంతి బాగానే లేచి చివర్లో కుడికి వంగిపోయేది, దాన్నే స్లైస్ అంటారు. స్టాన్స్ (నిలబడే తీరు) మార్చాను, బంతిని ముందుకీ వెనక్కీ జరిపాను, లాభం లేదు. అసలు సంగతి కుడి చేతిలో ఉంది. నాది కుడిచేతి వాటం, ఎడమచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి.

నేను క్లబ్ పట్టేది వార్డన్ గ్రిప్‌తో, అంటే కుడి చిటికెనవేలు ఎడమ చూపుడు, మధ్య వేళ్ల నడుమ గాడిలో కూర్చుంటుంది. అక్కడ ఇబ్బంది లేదు, కానీ క్లబ్ కుడి అరచేతిలోకి ఎక్కిపోయి ఆ చేతి బొటనవేలు షాఫ్ట్‌ని (క్లబ్ కర్రని) పైనుంచి గట్టిగా నొక్కేది. అలా నొక్కితే ముంజేయి బిగుసుకుంటుంది, ఫేస్ (క్లబ్‌లో బంతిని తాకే ముఖం) మూసుకోవడానికి, అంటే తిరిగి బంతికి సూటిగా రావడానికి, టైమ్ చాలదు.

ఇప్పుడు క్లబ్‌ని కుడి చేతి మధ్య రెండు వేళ్ల మొదళ్లలో పట్టుకుంటున్నాను. కుడి అరచేతిలో జీవన రేఖ దగ్గరి గుంట ఎడమ బొటనవేలిని పూర్తిగా కప్పాలి, ఆ ఆనిక ఇంపాక్ట్ (క్లబ్ బంతిని తాకే క్షణం) దాకా వదలకూడదు. కుడి బొటనవేలు షాఫ్ట్‌కి కాస్త ఎడమ పక్కన. చూపుడువేలు ట్రిగ్గర్‌లా కొంచెం ఎడంగా ఉండి, అరచేతికి దగ్గరి కణుపు షాఫ్ట్ వెనక ఆనాలి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే: డౌన్‌స్వింగ్‌లో (క్లబ్ పైనుంచి బంతి వైపు దిగేటప్పుడు) క్లబ్ బరువు ఆ కణుపు మీద పడటం తెలుస్తుంది, తెలియలేదంటే మణికట్లు పైనే విడిపోయినట్టు.

కుడి బొటనవేలు, చూపుడువేలు రెండూ ఎత్తేసి వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకి వాడే పొట్టి క్లబ్‌తో) సగం స్వింగులు కొట్టి చూడండి, నొక్కే అలవాటు దాంతోనే పోయింది. డ్రైవర్‌తో ఇంకా కొంచెం ఫేడ్ (కుడికి స్వల్ప వంపు) ఉంది, దాన్ని అలాగే ఉంచుకుంటున్నాను.