అందరూ సరేనన్నారు, పని మాత్రం జరగలేదు: ఉమ్మడి వైద్య సేవల్లో సమస్య - పరిష్కారం

రెండు మూడు విభాగాలు కలిసి ఒకే రోగిని చూడటం మొదలుపెట్టాక తరచూ వచ్చే చిక్కు ఇది. ఎవరూ పని ఎగ్గొట్టరు, అయినా పని ఆగిపోతుంది. మనుషుల్ని తప్పుపట్టే ముందు, ఎవరు ఏమనుకుని పని చేస్తున్నారో తేల్చుకోవాలి.

ముందు ఈ పరీక్ష

ఈమధ్య చూసిన ఒక కేసు తీసుకుని పేరు, వివరాలు తీసేయండి. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, కౌన్సెలర్, రికార్డులు చూసేవారు తలా ఒక కాగితం మీద 10 నిమిషాల్లో జవాబులు రాయాలి:

- ఈ రోగికి ఇప్పుడు అసలు సమస్య ఏది?
- తర్వాతి పని ఏమిటి, ఎవరిది, ఎప్పటిలోగా?
- ఏం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?
- మన బాధ్యత ఎప్పుడు తీరినట్టు?

రాసేటప్పుడు మాటలు వద్దు. పెద్ద డాక్టరుగారు ముందే నోరు విప్పితే అందరి జవాబూ ఆయనదే అవుతుంది. తర్వాత కాగితాలు పక్కపక్కన పరచండి. జవాబులు విడిపోయిన చోటే లోపం ఉంటుంది. ‘రోగే మనకు ముఖ్యం’ అని గోడకు బోర్డు తగిలిస్తే ఇది తేలదు, ఆ మాట కాదనేవారు ఎవరూ ఉండరు కదా.

రిఫర్ చేసిన రోగి అవతలికి చేరడం లేదు

కారణం: చీటీ రాయగానే పంపినవాళ్ల పని అయిపోయింది. రోగి వచ్చి కూర్చుంటేగాని అవతలివాళ్ల పని మొదలవదు. మధ్యలో రోగి ఎవరికీ చెందడు.

పరిష్కారం: రోగి చేరినట్టు కబురు వచ్చేదాకా బాధ్యత పంపినవాళ్లదే. రిజిస్టర్లో మూడు తేదీలు ఉండాలి: పంపినది, చేరినది, తిరుగు జవాబు అందినది. రెండో తేదీ లేనివాళ్లను వారం వారం వెతికే మనిషి ఎవరో పేరుతో రాయండి. ‘టీమ్ చూస్తుంది’ అని రాస్తే ఎవరూ చూడరు.

ఒకరి మందు ఇంకొకరి మందును దెబ్బతీస్తోంది

టీబీ, హెచ్‌ఐవీ రెండూ ఉన్న రోగిని తీసుకుందాం. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వల్ల కాలేయంలో ఎంజైములు చురుకై, హెచ్‌ఐవీకి ఇచ్చే డోలుటెగ్రావిర్ మందు స్థాయి రక్తంలో పడిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు ఒకసారి ఇచ్చే 50 మి.గ్రా.ను రెండుసార్లు ఇస్తారు, రిఫాంపిసిన్ ఆపాక మరో 2 వారాలు అలాగే కొనసాగిస్తారు.

ఇది రెండు విభాగాలకూ తెలుసు. తెలియనిదల్లా ఎవరు ఎవరికి చెప్పాలన్నదే. ‘ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే విభాగం) వాళ్లు చూసుకుంటారులే’ అని టీబీ విభాగంవాళ్లు అనుకుంటారు. రోగి తర్వాత మాత్రల కోసం వచ్చేదాకా ఏఆర్‌టీ వాళ్లకు సంగతే తెలియదు.

పరిష్కారం: రిఫాంపిసిన్ రాసేవాళ్లే మొదటి మాత్రకు ముందు ఫోన్ చేయాలి, ఆపే రోజున మళ్లీ చేయాలి. డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు ఎప్పటిదాకా వాడాలో ఆ తేదీ రోగి కార్డు మీద ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, గర్భనిరోధక హార్మోన్ మాత్రలు, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మందుల పనితీరునూ రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. కాబట్టి అన్ని విభాగాల మందులకూ ఒకే జాబితా ఉండాలి, అది రోగి చేతిలోనే ఉండాలి.

‘ఫోన్లో చెప్పాం, వాళ్లు పట్టించుకోలేదు’

కారణం: ‘బీపీ 90/60 ఉంది సార్’ అని ఆపేస్తే ఏం చేయాలో అడిగినట్టు కాదు.

పరిష్కారం: ఎస్‌బార్ (SBAR) అనే నాలుగు అంశాల వరసలో చెప్పాలి: పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీరు కోరేది. జనం వదిలేసేది చివరిదే. ‘15 నిమిషాల్లో వచ్చి చూడండి’ అని తెగేసి చెప్పాలి. విన్నవాళ్లు అదే మాట తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టకూడదు.

నెలాఖరు అంకెలు కలవడం లేదు

ఒకరు మనుషుల్ని, ఇంకొకరు విజిట్లను లెక్కపెడుతున్నారు. ఏది లెక్కించాలో ఒక వాక్యంలో రాసి రెండు రిజిస్టర్ల మొదటి పేజీలో అంటించండి.

కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తోంది

ఒప్పందం కుదిరినప్పుడు ఉన్న సిబ్బంది మారిపోయి ఉంటారు. కొత్తగా చేరినవారితో మొదటి వారంలోనే ఆ నాలుగు ప్రశ్నలు రాయించండి. అందరితోనూ 3 నెలలకోసారి చేయించండి.

కాగితాలన్నీ ఒకేలా ఉన్నా పని ఆగుతోందంటే లోపం అవగాహనలో లేదు. అప్పుడు ఇంకో మీటింగ్ పెట్టకుండా, ఆ పనికి మనిషి, సమయం, ఫోన్ ఉన్నాయో లేదో చూడండి.