‘టోక్యో ఉయెనో స్టేషన్’ చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి

యూ మిరీ గారి ఈ నవల జపనీస్‌లో 2014లో వచ్చింది. మోర్గన్ గైల్స్ చేసిన ఇంగ్లిష్ అనువాదానికి 2020లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చిందని విని కొన్నాను. చిన్న పుస్తకమే కదా, ఒక్క ఆదివారంలో అయిపోతుందనుకున్నాను. ముప్పై పేజీలకే వదిలేశాను. ఎవరు మాట్లాడుతున్నారో, ఏ ఏడాదిలో ఉన్నామో అర్థమయ్యేది కాదు. రెండోసారి మా అబ్బాయి పాత నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, మధ్యలో గీత కొట్టుకుని కూర్చున్నాక గానీ దారి దొరకలేదు.

మీరూ గీత కొట్టండి. ఎడమవైపు జపాన్ చక్రవర్తి కుటుంబం, కుడివైపు కథ చెప్పే కజు. 1933లో, తర్వాత చక్రవర్తి అయిన అకిహితో పుట్టాడు, అదే ఏడాది ఫుకుషిమాలో ఓ పేదింట్లో కజు. 1960 ఫిబ్రవరి 23న అకిహితో కొడుకు నరుహితో పుట్టాడు, అదే రోజు కజు కొడుకు. 1963లో కజు ఒలింపిక్స్ నిర్మాణాల్లో కూలిపనికి టోక్యో వెళ్తాడు. కొడుకు ఇరవై ఒక్క ఏళ్లకే పోతాడు. కజు కూడా చనిపోయాకే ఈ కథ చెబుతున్నాడు. ఇది ముందే తెలిస్తే నష్టమేమీ లేదు, తికమక తగ్గుతుంది.

ఇంటికి అతను ఏడాదికి రెండుసార్లే వస్తాడు. పిల్లలకు చేరిక ఉండదు. మా నాన్న మస్కట్ నుంచి రెండేళ్లకోసారి వచ్చేవాడు. వచ్చిన మొదటి రెండు రోజులూ నేను అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీకూ అలాంటి చోటు వస్తే ఆగండి, తొందరేం లేదు.

చివరి రోజుల్లో కజు ఇల్లు లేకుండా టోక్యోలోని ఉయెనో పార్కులో గుడిసె వేసుకుని బతుకుతాడు. మధ్యమధ్యలో ఆ పార్కుకు వచ్చినవాళ్ల కబుర్లు వస్తాయి, కథకు సంబంధం లేనట్టే ఉంటాయి. వాటిని దాటేయకండి. నీలం టార్పాలిన్ కింద బతికే మనిషికి లోకం అలాగే వినిపిస్తుంది. అన్నీ చెవిన పడతాయి, ఒక్క మాటా అతనితో అన్నది కాదు.

రాజకుటుంబం ఆ వైపు వచ్చే ముందు గుడిసెలు తీసేయమని నోటీసు అతికిస్తారు. అక్కడుండేవాళ్లు దాన్ని ‘యమగరి’ అంటారు, అంటే కొండ మీద వేట. ఆ నోటీసు పైకి చదవండి. ఒక్క కటువు మాట కూడా ఉండదు, శుభ్రం చేసే పని అనే ఉంటుంది.

తర్వాత చక్రవర్తి కారు వస్తుంది, కజు చెయ్యి ఊపుతాడు. అక్కడ ఆగి, మీ కాగితం మీద మొదటి వరుస మళ్లీ చూడండి.