ఎండాకాలంలో గుట్ట ఎక్కేవారికి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో వరంగల్‌లోనూ ఉత్తర తెలంగాణ జిల్లాలలోనూ పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. అయితే అది నీడలో కొలిచిన లెక్క, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల ఇసుకరాతి బండల మీదనో, పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా బాటలోనో నడిచేవారికి తగిలే వేడి అంతకన్నా చాలా ఎక్కువ. వీలైతే ఆ ప్రయాణాన్ని చలికాలానికి వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

వెళ్లక తప్పనివారు మొదట గుర్తుంచుకోవలసింది, ఎక్కడం చల్లని వేళలో సాగినా దిగడం మాత్రం కాగిన బండల మీద, అలసిన కాళ్లతో సాగుతుందన్న సంగతి. కాబట్టి కిందికి ఎప్పుడు చేరాలో ముందుగా నిర్ణయించుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. తొమ్మిది గంటలకల్లా గుట్ట కింద ఉండాలంటే తెల్లవారుతుండగానే, అంటే ఐదుంబావుకే బయలుదేరి, ఏడుంబావుకు ఎక్కడున్నా సరే, శిఖరం కనిపిస్తున్నా సరే, వెనుదిరగాలి. సాయంత్రం ఎక్కుదామనుకోవడం పొరపాటు. పగలంతా తాగిన వేడిని బండలు అప్పుడే వదులుతుంటాయి, దిగేలోగా చీకటి పడుతుంది.

చుట్టూ ఉన్న గాలి ఒంటి వేడికన్నా, అంటే 37 డిగ్రీలకన్నా వేడిగా ఉన్నప్పుడు, గాలి వల్ల ఒళ్లు చల్లబడదు. చెమట ఆరడమొక్కటే మనల్ని కాపాడుతుంది. అందుకే మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి కొన్ని గుక్కలు తాగాలి, సగం నీళ్లు అయిపోకముందే తిరుగుముఖం పట్టాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక వట్టి నీళ్లే అదేపనిగా తాగడమూ ప్రమాదమే. ఓఆర్‌ఎస్ పొడి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలిపి తీసుకువెళ్లవచ్చు. బయలుదేరే ముందు ఒక చెంబెడు జొన్న అంబలిగానీ, ఉప్పు వేసిన పలుచని మజ్జిగగానీ తాగితే కడుపుకు హాయిగా ఉంటుంది. వదులైన, నిండు చేతుల నూలు బట్టలు, తలకు తడిపిన తువ్వాల, జారని బూట్లు చాలు.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే నీడలో కూర్చోబెట్టి ఉప్పు, చక్కెర కలిపిన ఆ నీళ్లు తాగించాలి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతూనే ఉన్నా అనుమానించవలసిందే. అప్పుడు నోట్లో నీళ్లు పోయకుండా, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి, మెడ మీద, చంకలలో, గజ్జలలో తడిగుడ్డలు పెట్టాలి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. గుట్టల మధ్య సిగ్నల్ అందని చోట ఒకరు రోగి దగ్గర ఉండి చల్లబరుస్తుంటే మరొకరు ఊళ్లోకి పరుగెత్తవలసి వస్తుంది గనుక, ముగ్గురికి తక్కువగా ఎన్నడూ బయలుదేరకూడదు.