నల్లగొండ ఎండలో మిగ్-21: 1/48 కిట్ కట్టే పద్ధతి

మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కట్టేటప్పుడు రంగు డబ్బా మీద, గ్లూ సీసా మీద రాసి ఉండే ఆరే సమయాలు మన దగ్గర పనిచేయవు. అవి చల్లటి గదుల లెక్కతో రాసినవి. మే నెలలో 44 డిగ్రీలు తాకే నల్లగొండలో, మధ్యాహ్నం పూట స్లాబు కింద గదిలో కూర్చుంటే పల్చటి గ్లూ అతుకులోకి పారకముందే ఆవిరైపోతుంది. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌లోంచి వచ్చిన రంగు మోడల్‌ను తాకేలోపే పొడిగా మారుతుంది. చివర్లో బోరు నీళ్లు డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, నంబర్లు) చుట్టూ తెల్లటి గీత వదులుతాయి. కష్టమైన కిట్ అయితే ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా నెలల పనిని పాడుచేస్తుంది. అందుకే 1/48 సైజు (అసలు విమానంలో 48వ వంతు) మిగ్-21 కట్టే క్రమాన్ని మన ఎండకు, మన నీళ్లకు సరిపడేట్టు ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఏ మిగ్ కడుతున్నారో తేల్చుకోండి. మన వాయుసేనలో ఇది 1963లో చేరి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. హెచ్‌ఏఎల్ నాసిక్‌లో విమానాన్ని, కోరాపుట్‌లో ఇంజిన్‌ను, మన హైదరాబాద్‌లో ఏవియానిక్స్‌ను తయారుచేసింది. ఇన్నేళ్లలో రకాలు చాలా మారాయి. ఎఫ్ఎల్ రకానికి వీపు సన్నగా ఉంటుంది, కాక్‌పిట్ అద్దం ముందువైపు బందు మీద పైకి లేస్తుంది, ముక్కు మీది పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచే సన్న గొట్టం) సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. బిస్ రకానికి వీపు లావు, అద్దం కుడిపక్కకు తెరుచుకుంటుంది, పిటాట్ కుడివైపుకు జరిగి ఉంటుంది. బిస్‌నే ఆధునీకరించిన బైసన్‌కు ముందు అద్దం ఫ్రేములు లేని ఒకే ముక్క. బైసన్ నంబర్లు ‘సీయూ’ అక్షరాలతో మొదలవుతాయి. సన్నటి వీపున్న మోడల్ మీద ఆ నంబరు అంటిస్తే తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు. కాబట్టి ఒకే విమానం ఎంచుకుని, దాని ఫోటోలు కనీసం నాలుగు దగ్గర పెట్టుకోండి.

మిగ్-21ను కష్టమైన కిట్ అనడానికి కారణం దాని ఆకారం. ఒళ్లంతా ఒక గొట్టం. పైనా కిందా ముక్కు నుంచి తోక దాకా పొడుగాటి అతుకు వస్తుంది. ఎఫ్ఎల్ అయితే పైన రంగు కూడా లేని వెండి మెరుపు. ఆ మెరుపు కింద వెంట్రుకంత గీత కూడా దాగదు.

కొనాల్సినవి తక్కువే. హైదరాబాద్ నుంచి తెప్పించాల్సినవి: పల్చటి ప్లాస్టిక్ గ్లూ, చిక్కటి ప్లాస్టిక్ గ్లూ, సన్న మాస్కింగ్ టేపు, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్, ట్యాంకు ఉన్న కంప్రెసర్. మిగతావన్నీ నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కలనో దొరుకుతాయి: 400, 600, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్, ఎం-సీల్, ఫెవిక్విక్, పౌడర్, ఆర్టిస్టుల ఆయిల్ రంగులు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్.

ముక్కలను అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల మీద ఉండగానే గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోకపోతే రంగు ఎక్కడో ఒకచోట టేపుతోపాటు ఊడి వస్తుంది.

కాక్‌పిట్ రంగు సోవియట్ విమానాలకే ప్రత్యేకమైన నీలిపచ్చ. ఉత్త ఆకుపచ్చ వేస్తే తప్పు, ఉత్త నీలం వేసినా తప్పే. చక్రాల మధ్య బిళ్లలు మాత్రం నిఖార్సైన ఆకుపచ్చ. ఒళ్లు మూయకముందు లోపల కాక్‌పిట్ తొట్టి, ముక్కు చక్రం గుంత, ఎగ్జాస్ట్ గొట్టం, ముక్కులో బరువు, ఈ నాలుగూ కుదరాలి. ఒక్కొక్కటి పెట్టి, రెండు సగాలనూ గ్లూ లేకుండా మూసి చూడండి. నాలుగూ పెట్టాక ఎక్కడైనా సందు మిగిలితే తొట్టి అంచునో, గొట్టం అంచునో గీకాలి. బలంగా నొక్కి అంటిస్తే ఆ బిగువు లోపలే ఉండిపోయి, రెండు మూడు నెలలకు అతుకు మళ్లీ నెర్రె ఇస్తుంది.

బరువు సంగతి జర జాగ్రత్తగా చూడాలి. మూడు చక్రాల విమానం కాబట్టి ముక్కులో బరువు చాలకపోతే తోక మీద కూలబడుతుంది. ఎన్ని గ్రాములని కాగితంలో వెతకడం కన్నా మోడల్‌నే అడగండి. ఒళ్లు, రెక్కలు, తోక, ఎగ్జాస్ట్ అన్నీ టేపుతో కలిపి, పెద్ద చక్రాల కాళ్లు వచ్చే రెండు చోట్లా రెండు పెన్సిళ్ల మీద ఆనించండి. ముక్కు దగ్గర టేపుతో బరువు కడుతూ పోండి. ముక్కు ఖచ్చితంగా కిందికి వాలినప్పుడు ఆపి, ఆ బరువుకు నాలుగో వంతు కలపండి. తరువాత వచ్చే పుట్టీ, రంగు, క్షిపణులు ఆ అదనాన్ని తినేస్తాయి. బరువును ఎంత ముందుకు పెడితే అంత తక్కువ సరిపోతుంది కాబట్టి ముందు ముక్కులోని శంకువును నింపండి, మిగిలింది కాక్‌పిట్ నేల కింద పెట్టండి.

బరువుకు మంచిది చేపల వలకు కట్టే సీసం గుండ్లు. నాగార్జునసాగర్, డిండి వైపు వలలు అమ్మేచోట దొరుకుతాయి. సుత్తితో చదునుచేస్తే ఇరుకు సందుల్లో కూడా పడతాయి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసాన్ని ఫెవికాల్‌తో మాత్రం అంటించకండి. ఆ తెల్ల జిగురులోంచి మెల్లగా వచ్చే ఆమ్లం సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తుంది. పొడి ఉబ్బుతుంది. మూసిన ఒంటి లోపల ఉబ్బితే ఏడాదికో రెండేళ్లకో ముక్కు అతుకు విచ్చుకుంటుంది. ఎం-సీల్ రెండు ముద్దలూ సమానంగా పిసికి, దాంట్లో గుండ్లు పొదిగి, ఒక రాత్రి గట్టిపడనివ్వండి.

ఇప్పుడు ఒళ్లు మూయడం. ఎండకాలంలో ఈ పని పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది లోపే. ముక్కు నుంచి మొదలుపెట్టి, ఒకసారికి నాలుగైదు సెంటీమీటర్లే అంటించండి. రెండు అంచులకూ పల్చటి గ్లూ రాసి, పది లెక్కపెట్టి, ఇంకోసారి రాసి, అప్పుడు నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా బయటికి ఉబుకుతుంది. ఆ పూస వచ్చిందంటే అతుకు నిండినట్టు. తుడవకండి, రెండు రోజులు వదిలేయండి. మధ్యాహ్నం చేయక తప్పకపోతే చిక్కటి గ్లూ వాడండి, అది అంత తొందరగా ఆరదు.

రెండు రోజుల తరువాత పూసను బ్లేడు వెన్నుతో గీకి, అతుకుకు రెండువైపులా టేపు వేసి, 600తో మొదలుపెట్టి 2000 దాకా నీళ్లతో రుద్దండి. చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. వాటర్ పేపర్‌ను చెక్క ముక్కకు చుట్టి రుద్దితే గుండ్రటి ఒంటి మీద చదును మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ బూడిదరంగులో ఉన్నంతసేపూ అది కనపడదు. వెండి రంగు పడగానే వెలుతురు అక్కడ విరుగుతుంది. స్పాంజి ముక్కకు చుట్టి, గొట్టం వంపు వెంట అడ్డంగా రుద్దండి. అయిందనుకున్నాక నల్ల మార్కర్‌తో అతుకు పొడుగూతా గీత గీసి, ఒకసారి 2000తో తేలిగ్గా రుద్దండి. నలుపు మిగిలిన ప్రతిచోటా గుంట ఉన్నట్టే.

ఆ గుంటలకు ఫెవిక్విక్‌లో పౌడర్ కలిపిన ముద్ద మంచిది, అది కుంగదు. కానీ గంటలోపే రుద్దాలి. రాత్రంతా వదిలితే ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టూ ప్లాస్టిక్ అరిగిపోయి అది మాత్రం గుట్టలా నిలుస్తుంది. కార్ల పెయింటర్లు వాడే ఎన్‌సీ పుట్టీ కూడా పనిచేస్తుంది. అది ఆరుతూ కుంగుతుంది కాబట్టి పల్చటి పూతలు రెండు, మధ్యలో ఒక రోజు. అరిగిపోయిన ప్యానెల్ గీతలను గట్టి టేపు అంచు ఆనించి కంపాస్ ములికితో మళ్లీ గీయాలి. మొదటిసారి చేతి బరువు అసలు వేయకండి. ఆరేడుసార్లు తేలిగ్గా గీస్తేనే గీత తిన్నగా వస్తుంది.

రెక్కలు తిన్నగా ఉండవు, చివర్లు 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 1/48లో దాదాపు 15 సెంటీమీటర్లు. లెక్కేస్తే మొదలు కంటే రెక్క కొస సుమారు 2 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అట్టముక్కను ఆ వాలుకు కత్తిరించి, గ్లూ ఆరేదాకా మోడల్‌ను దాని మీదే పెట్టండి. రెక్క మొదట్లో సందు ఉంటే పుట్టీ జోలికి పోకండి. ఫ్రేము పుల్ల ముక్కను కొలతకు కత్తిరించి ఒంటి లోపల అడ్డంగా పెడితే ఒళ్లు అరమిల్లీమీటరు వెడల్పై సందు మూసుకుంటుంది. ఇది కూడా ఒళ్లు మూయకముందే చూసుకోవాల్సిన పని.

అద్దానికి ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వకండి, దాని ఆవిరి లోపల తెల్లటి పొరలా పేరుకుంటుంది. సీసానికి వద్దన్న ఫెవికాలే ఇక్కడ సరైనది. పారదర్శకంగా ఆరుతుంది, పొరపాటైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

రంగులో మొదటి శత్రువు కూలర్. నీళ్ల కూలర్ ఆన్‌చేసిన గదిలో లాకర్ రంగు (థిన్నర్‌తో కలిపి కొట్టే, తొందరగా ఆరే రంగు) కొడితే గాలిలో తేమ రంగులో చిక్కి తెల్లటి మసక వస్తుంది. వానకాలం ముసురులోనూ ఇంతే. ఫ్యాను తిరిగితే దుమ్ము. కాబట్టి కొట్టేముందు అరగంట కూలరూ ఫ్యానూ రెండూ ఆపి, నేల తడిగుడ్డతో తుడిచి, పొద్దున్నే కొట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే నడవాలి. కంప్రెసర్ ట్యాంకులోని నీళ్లను ప్రతిసారీ వదిలేయండి. మామూలు గుడ్డ మాస్కు, ఎన్95 మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపవు, కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి.

వెండి మెరుపుకు కింద నిగనిగలాడే నలుపు వేయాలి. కంప్రెసర్ గాలి ప్రెషర్ 15 పీఎస్ఐ దగ్గర పల్చటి పూతలు మూడు. ఎండకాలంలో రంగు గరుకుగా, పొడిపొడిగా పడుతుంటే థిన్నర్ కొంచెం పెంచండి, ఆరడాన్ని నెమ్మదించే రిటార్డర్ రెండు మూడు చుక్కలు కలపండి, చేతిని దగ్గరికి తీసుకురండి. ప్రెషర్ పెంచితే ఇంకా చెడుతుంది. నలుపు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు ఇచ్చి, వేలుగోరు గుర్తు పడటం లేదని ఫ్రేము మీద చూసుకున్నాకే అల్యూమినియం లాకర్ కొట్టాలి. అది 12 పీఎస్ఐ దగ్గర, ఐదారు సెంటీమీటర్ల దూరం నుంచి, మంచు పొరలా. నలుపు పూర్తిగా మాయమయ్యేదాకా కొడితే వెండి కాస్తా బూడిద అవుతుంది. తరువాత కొన్ని ప్యానెళ్లకు మాస్క్ వేసి ఒక ఛాయ ముదురు, ఎగ్జాస్ట్ దగ్గర ఇంకాస్త ముదురు. టేపును ముందు చేతికి రెండుసార్లు అంటించి తీస్తే జిగట తగ్గి రంగును లాగదు. షోరూంలో దొరికే ఖరీదైన థిన్నర్ అవసరం లేదు కానీ, పెయింట్ మడిగెలో అమ్మే ఎన్‌సీ థిన్నర్‌ను ముందు ఫ్రేము ముక్క మీద కొట్టి చూడండి. తడిగా పడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

డెకాల్‌లకు బోరు నీళ్లు వద్దే వద్దు. మన జిల్లా నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ ఇక్కడ దెబ్బతీసేది నీళ్ల కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు ఆరినచోట తెల్లటి రింగులా మిగులుతాయి. వెండి మీద, ముదురు రంగు మీద అవి బాగా కనిపిస్తాయి, తుడిస్తే రంగు గీసుకుపోతుంది. కాచినా, వడగట్టినా ఆ లవణాలన్నీ పోవు. ఒక గిన్నెడు డిస్టిల్డ్ వాటర్ మొత్తం మోడల్‌కు సరిపోతుంది. వెండి లాకర్ నున్నగానే ఉంటుంది కాబట్టి నేరుగా దాని మీదే అంటించొచ్చు. కామఫ్లాజ్ రంగులైతే ముందు నిగనిగలాడే గ్లాస్ పూత తప్పదు, లేకపోతే గరుకులో గాలి చిక్కి డెకాల్ కింద వెండిపొరలా మెరుస్తుంది. అలా మెరిస్తే సన్న సూదితో పొడిచి మెత్తబరిచే ద్రావణం ఒక చుక్క వేయండి. అది పడ్డాక డెకాల్ ముడతలు పడుతుంది. భయపడి వేలితో తాకకండి, గంటలో తనంతట తనే పరుచుకుంటుంది.

పాత కిట్లలో పసుపెక్కిన డెకాల్ షీటును జిప్ కవరులో పెట్టి కిటికీ అద్దానికి అంటిస్తే ఎండకు తెల్లబడుతుంది. ఒక్క ఈ పనిలో మాత్రం మన ఎండే సాయం.

గీతల్లో మసి కోసం ముదురు గోధుమ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పల్చగా కలిపి, సన్న కుంచెతో గీతలోనే చుక్క పెట్టండి. కాళ్ల మొదళ్లలో నిలవనివ్వకండి, బిగువులో ఉన్న ప్లాస్టిక్ దానికి పటుక్కున విరుగుతుంది.

పిటాట్ గొట్టం అన్నింటికన్నా చివర. కిట్‌లోని ప్లాస్టిక్ పిటాట్ ఎలాగూ విరుగుతుంది, దాన్ని సూదులతో చేసుకోండి. మందుల దుకాణంలో 18 గేజ్, 22 గేజ్ సూదులు ఒక్కోటి తీసుకుంటే సన్నది లావుదాంట్లో దూరుతుంది. కటింగ్ ప్లేయర్‌తో తుంచితే కొస నలిగి మూసుకుపోతుంది. గట్టి బల్ల మీద పెట్టి, ఆకురాయి అంచు కింద దొర్లిస్తూ చుట్టూ గాటు పడ్డాక వంచితే గుండ్రంగా తెగుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. మోడల్‌ను ముక్కు గోడవైపు పెట్టి షెల్ఫులో ఉంచండి, దులిపే గుడ్డ ముందుగా తగిలేది ఆ సూదికే.