ఫుల్ మారథాన్‌కు తిండి, నీరు, ఉప్పు: సప్లిమెంట్లు కొనే ముందు

మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరుగెత్తబోయేవారు సాధారణంగా ఏ సప్లిమెంటు వాడాలని అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవలసింది, పరుగెత్తుతూ గంటకు ఎన్ని గ్రాముల పిండిపదార్థాన్ని తమ కడుపు తట్టుకోగలదన్నది. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా నిల్వ ఉండేది సుమారు 400 నుంచి 500 గ్రాములే కాబట్టి, దారిలో ఏమీ తీసుకోనివారిలో చాలామందికి 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు మొరాయిస్తాయి.

ఆ నిల్వ నిండడానికి పోటీకి ముందు రెండు రోజులూ శరీర బరువులో ప్రతి కిలోకు 8 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం తినాలి. అన్నం, ఇడ్లీ, అరటిపండు, బెల్లం ఇందుకు చాలు. నూనె, పీచు ఎక్కువున్నవి తగ్గించాలి. ముందురోజు రాత్రి బిర్యానీ తినాలన్న ఉబలాటాన్ని మరునాటికి వాయిదా వేయడం మేలు.

పరుగు మొదలైన అరగంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాములు అందించాలి. మధ్యరకం అరటిపండులో దాదాపు 25 గ్రాములు, ఒక ఎనర్జీ జెల్‌లో (పరుగులో పిండుకుని మింగే చిక్కటి తీపి పదార్థం ప్యాకెట్) సాధారణంగా 20 నుంచి 30 గ్రాములు ఉంటాయి. ఖర్జూరాలైతే గింజలు తీసి చిన్న కవరులో పెట్టుకోవచ్చు. గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసినవాటితో 90 గ్రాముల వరకూ వెళ్లవచ్చు గానీ, వారాల తరబడి లాంగ్ రన్‌లలో అలవాటు చేసుకోకపోతే కడుపు ఎదురుతిరుగుతుంది.

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఉక్కపోత అసలు పరీక్ష. గంటన్నర పరుగుకు ముందు 62 కిలోలున్నవారు అరలీటరు నీళ్లు తాగి కూడా 61 కిలోలకు దిగితే, వారు గంటకు దాదాపు ఒక లీటరు చెమట కోల్పోయినట్టు లెక్క. అలాగని పోయినదంతా తాగనక్కరలేదు. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నల్ల టీషర్టు ఆరాక తెల్లని ఉప్పు చారలు దట్టంగా కనిపించేవారికి ఓఆర్‌ఎస్ ఉపయోగం. 20.5 గ్రాముల ప్యాకెట్‌ను పూర్తి లీటరు నీటిలోనే కలపాలి, అరలీటరు సీసాలో కాదు. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే గనుక శక్తి కోసం దాన్ని నమ్ముకోకూడదు. రక్తపోటు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

ఇక సప్లిమెంట్లలో గట్టి ఆధారం ఉన్నది కెఫీన్. గంట ముందు కిలోకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు సరిపోతుంది. 2004 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో అది లేదు. ఐరన్ మాత్రలు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ రక్తపరీక్షలో లోపం తేలితేనే వాడాలి. గుడ్లు, పాలు, పప్పు తగినంత తినేవారికి బీసీఏఏ (కొన్ని అమైనో ఆమ్లాల) పొడి డబ్బు దండగ.

డోపింగ్ పరీక్షల పరిధిలో ఉన్న క్రీడాకారులు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే కల్తీ పొడి ద్వారా నిషిద్ధ పదార్థం ఒంట్లో చేరినా బాధ్యత వారిదే. బ్యాచ్‌వారీగా పరీక్షించిన ఉత్పత్తులనే కొని, డబ్బా మీది బ్యాచ్ నంబరును ఫొటో తీసి, బిల్లుతో పాటు దాచుకోవాలి.