బతుకమ్మకు ఇంట్లోనే గునుగు వేస్తున్నారా? విత్తే ముందు ఇవి చూసుకోండి

ఎంగిలిపూల నాటికి పూలు చేతికి రావాలంటే ఆషాఢం సగం దాటకముందే గింజ పడాలి.

• పత్తి, జొన్న చేల గట్టున మాత్రం వేయొద్దు. పండక్కి అందమే గానీ, చేలో అది మొండి కలుపు. కంకి అడుగు నుంచి పైకి పండుతూ పోతుంది. పైన గులాబీ రంగు ఉండగానే కింద గింజ రాలుతుంది. ఒక్కసారి రాలిందా, ఏళ్ల తరబడి కలుపు కూలీ మీ నెత్తినే. పెరట్లో అయినా పండగ కాగానే మిగిలిన కంకులు కోసెయ్యండి.

• గింజను లోతుగా పూడ్చొద్దు. ఆవగింజ కన్నా చిన్నది, మొలక పైకి రాలేదు. ఇసుకలో కలిపి చల్లితే చాలు.

• నీళ్లు నిలిచే చోటు వద్దు, లేత నారు మొదలు కుళ్లిపోతుంది.

• నీడ అసలే వద్దు. కాడ సాగి పడిపోతుంది.

• నాలుగైదు ఆకులకే నారు మార్చండి, వేళ్ల మట్టి రాలకుండా. చిన్న కప్పులో ఎక్కువ రోజులుంటే జానెడెత్తులోనే పూస్తుంది.

• కొమ్మల కోసం తల తుంచేది శ్రావణంలోపే. ఆలస్యమైతే పండగకు మొగ్గలే మిగులుతాయి.

• యూరియా జోలికి పోకండి, ఆకే పెరుగుతుంది.