జర్మనీలో నెలకు 992 యూరోలతో చదువుకోవడం ఎలా?

జర్మనీలో చదవబోయే విద్యార్థి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపాలని 2024 సెప్టెంబరులో నిర్ణయించారు. అక్కడికి చేరాక అందులోంచి నెలకు 992 యూరోలే చేతికి వస్తాయి. ఇంట్లో అందరూ పన్నెండు నెలలకూ ఇదే లెక్క వేసుకుంటారు గాని, అసలు ఇబ్బంది మొదటి నెలలోనే ఎదురవుతుంది.

జర్మనీలో అద్దె రెండు రకాలుగా చెబుతారు. కాల్ట్‌మీటే అంటే గదికి మాత్రమే ఇచ్చే అద్దె; వార్మ్‌మీటే అంటే హీటింగు, నీళ్ళు వంటి ఖర్చులు కలిపిన అద్దె. కాల్ట్‌మీటేకు మూడు రెట్ల వరకు డిపాజిట్ అడగడానికి చట్టం యజమానికి అనుమతి ఇస్తుంది. కాల్ట్‌మీటే 350, వార్మ్‌మీటే 450 యూరోలు అనుకుంటే, డిపాజిట్టు 1,050, ఒక నెల అద్దె, 140 యూరోలకు పైబడే ఆరోగ్య బీమా కలిసి మొదటి నెలకే 1,640 దాటుతుంది. అందువల్ల బ్లాక్డ్ అకౌంట్‌కు అదనంగా కనీసం వెయ్యి యూరోలు విడిగా ఉంచుకోవాలి. ఆ డిపాజిట్టును మూడు సమాన నెలసరి వాయిదాల్లో చెల్లించే హక్కు కూడా అదే చట్టం అద్దెదారుకు ఇచ్చింది. ఈ సంగతి తెలియక మనవాళ్ళు అప్పు చేసి మొత్తం ఒకేసారి కట్టేస్తారు. గదిని కళ్ళారా చూడకముందే డబ్బు పంపమనే ప్రకటనలను నమ్మకూడదు.

నా ఉద్దేశంలో పొదుపు ఊరి ఎంపికతోనే మొదలవుతుంది. కూరగాయల దగ్గర నెలంతా బేరీజు వేసి మిగిల్చుకునే దానికంటే, మ్యూనిక్ బదులు కెమ్నిట్స్‌లోనో మాగ్డెబుర్గ్‌లోనో చేరితే అద్దెలో మిగిలేది చాలా ఎక్కువ. విద్యార్థుల వసతి, భోజనం వంటివి చూసే స్టుడెంటెన్‌వెర్క్ అనే సంస్థ నడిపే హాస్టల్ గదులకు క్యూ పొడవుగా ఉంటుంది కాబట్టి అడ్మిషన్ లెటర్ రాగానే దరఖాస్తు పెట్టాలి.

ఉద్యోగం చేసి ఆలస్యంగా చదువుకు వెళ్ళేవారు ఒకటి గమనించాలి: ముప్ఫై ఏళ్ళు నిండినవారికి ప్రభుత్వ బీమాలో విద్యార్థి రేటు వర్తించదు. రేడియో, టీవీల పేరిట ఇంటికి నెలకు 18.36 యూరోల రుసుము కోరుతూ వచ్చే ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకుని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. బకాయి పెరిగి నోటీసులు వస్తాయి. ఆ రుసుము మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి మిగతావారి నుంచి వాటా తీసుకోవచ్చు.

తిండి విషయంలో ఆల్డీ, లిడ్ల్ వంటి దుకాణాలు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలకు టర్కీ వారి అంగళ్ళు సరిపోతాయి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇంటి నుంచి కందిపొడి, కారం, ఆవకాయ పట్టుకెళ్ళవచ్చు. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్ళు, కరివేపాకు మాత్రం ఐరోపా సమాఖ్య నిబంధనల వల్ల విమానాశ్రయంలోనే పోతాయి. అమ్మలకు ఈ మాట ముందే చెప్పడం మంచిది. నీళ్ళ సీసాల మీద వసూలు చేసే 25 సెంట్లు ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తాయి.

పార్ట్‌టైం పని ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు చేయవచ్చు. విశ్వవిద్యాలయంలోనే విద్యార్థి సహాయకుడిగా చేసే పని ఆ రోజుల లెక్కలోకి రాదు. కాబట్టి చేరిన వారంలోనే ప్రొఫెసర్లను అడిగి చూడాలి.